లోటు పరీక్ష

నేను లేకపోతే మా బడి ఒక్కరోజు కూడా నడవదని చాలా ఏళ్లుగా చెబుతూ వస్తున్నాను. మొదట్లో మా ఆవిడకి మాత్రమే చెప్పేవాణ్ణి. ఆవిడ వినడం మానేశాక పెళ్లిళ్లలో పక్క కుర్చీవాళ్లకీ, బస్సులో పక్క సీటువాళ్లకీ చెప్పడం మొదలుపెట్టాను. హెడ్మాస్టరన్నాక ఆమాత్రం నమ్మకం ఉండాలి. నా గది తలుపు మీద పొట్నూరు దామోదరం అన్న పేరు బంగారు రంగుతో రాయించింది ఊరికే కాదు. రంగు డబ్బా నేనే కొన్నాను.

ఊరి పేరు చెప్పను. విజయనగరం నుంచి బస్సెక్కి, కండక్టరు విసుక్కునేదాకా దిగకుండా కూర్చుంటే వచ్చే ఊరు. అక్కడి హైస్కూలుకి ఒకరోజు పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. తాత్కాలిక ఉపాధ్యాయుల్లోనూ, బడి సహాయక సిబ్బందిలోనూ విశిష్ట సేవ చేసినవారిని గుర్తించి సత్కరిస్తారట. ఇన్నాళ్లకి మంచి ఆలోచన వచ్చిందని సంతోషించాను. కింద ఇంకో వాక్యం ఉంది: 'పురస్కార గ్రహీతల ప్రధానోపాధ్యాయులు వేదికపై ఆసీనులగుదురు.' అది చదివాక సంతోషం ఇంకాస్త పెరిగింది. ఆ సాయంత్రమే రెండు పేర్లు పంపేశాను.

మొదటి పేరు సత్యవేణి. మా బళ్లో తాత్కాలిక టీచరు. ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసుకి వెళ్లడం ఆవిడ పని. మా లెక్కల మాస్టారికి నడుం నొప్పి, సోషల్ మాస్టారికి బంధువర్గం ఎక్కువ. అందుచేత ఆవిడ పొద్దున్న లెక్కలూ, మధ్యాహ్నం మొగల్ చక్రవర్తులూ చెబుతుంది. ఆవిడ గుమ్మంలో కనబడగానే పిల్లలు నమస్కారం బదులు "ఎవరు రాలేదు టీచర్?" అని అడుగుతారు. ఆవిడ ఏమీ నొచ్చుకోదు. "నేనొచ్చాను కదా, పుస్తకాలు తియ్యండి" అంటుంది.

రెండో పేరు పైడమ్మ. హోదాకి ఆయా. గేటు తీసేదీ, తుడిచేదీ, గంట కొట్టేదీ, మేకల్ని తోలేదీ, పడ్డవాళ్ల మోకాళ్లు కడిగేదీ, జడ ఊడినవాళ్లకి జడేసేదీ ఆవిడే. ఇవన్నీ చేస్తూ అందర్నీ తిడుతుంది, నాతో సహా. అవార్డు సంగతి చెప్పగానే చీపురు గోడకి చేరేసి అడిగింది.

"పేపర్లో ఫొటో ఏస్తారా బాబూ?"

"వేస్తారు."

"రంగులదేనా?"

"రంగులదే."

మర్నాడే వెళ్లి చిలకపచ్చ చీర కొనుక్కుంది. అవార్డు వచ్చేదాకా కట్టనని బీరువాలో పెట్టి, రోజూ వచ్చి ఆ చీర ఎలా ఉందో మాకు చెప్పేది.

వారం తిరక్కుండా ప్రత్యేక పరిశీలనాధికారి విరూపాక్షంగారు దిగారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రెండు పెన్నులు. మాట్లాడితే సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది. కొబ్బరిబొండం తాగి, నోరు తుడుచుకుని మొదలుపెట్టారు.

"దామోదరంగారూ, గతంలో పురస్కారాలు ఇచ్చిన తరువాత పరిశీలించగా, ఎవరు విశిష్టులో ఎవరు కారో నిర్ధారించు విధానమే లేదని తేలినది. పనిచేయువారిని పనిచేయుచుండగా చూచిన ఏమి తెలియును? అందరూ చేయుచునే ఉందురు. కావున ఈ సంవత్సరము నుండి లోటు పరీక్ష ప్రవేశపెట్టడమైనది."

"అంటేనండి?"

"అభ్యర్థిని ఒక దినము ఇంట కూర్చుండబెట్టుదుము. ఆ దినము పాఠశాలకు వాటిల్లిన నష్టమే అభ్యర్థి విశిష్టతకు కొలమానము. ఎంత నష్టమో అంత విశిష్టత."

నాకు భలే నచ్చింది. పైడమ్మ రాకపోతే మధ్యాహ్నానికి మేకలు తొమ్మిదో తరగతిలో ఉంటాయి. సత్యవేణి రాకపోతే తొమ్మిదో తరగతి మేకల దగ్గర ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి? ఎందుకైనా మంచిదని ఒక మాట అడిగాను.

"ఒకవేళ ఏ నష్టమూ వాటిల్లకపోతేనండి?"

"అట్టి సందర్భములో ఆ పోస్టు అనవసరమని భావించి రద్దుకు సిఫారసు చేయబడును. పొదుపు కూడ ముఖ్యమే కదా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను కూడా ఆపేశాను.

ఇంట్లో కూర్చోమని చెబితే పైడమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పని సెయ్యకుండా ఇంటికాడ కూకుంటే అవార్డిత్తారా? మేస్టారూ, మీకేటి మతి పోనాదా?" అంది. గవర్నమెంటు పద్ధతి అలాగే ఉంటుందన్నాను. సత్యవేణి మాత్రం తలూపి, మర్నాడు ఎనిమిదో తరగతికి చెప్పాల్సిన పాఠం ఏమిటో నాకు రాసిచ్చి వెళ్లింది.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక నిజం చెప్పాలి. మమ్మల్ని చదువు ఏమీ చెయ్యలేదు, శిక్షణలు ఏమీ చెయ్యలేదు. మమ్మల్ని తీర్చిదిద్దింది తనిఖీ ఒక్కటే. తనిఖీ అన్న మాట చెవిన పడితే మా కాళ్లూ చేతులూ మమ్మల్ని అడక్కుండానే పనిచేస్తాయి. ఎవరో పెద్దాయన వస్తున్నాడంటే గోడకి సున్నం, గుమ్మానికి మామిడాకులు, పిల్లల తలకి నూనె. ఎందుకొస్తున్నాడో అడిగే అలవాటు మాకు లేదు.

పరీక్ష రోజు పొద్దున్న నేను బడికి వెళ్లేసరికి లెక్కల మాస్టారు నడుముకి బెల్టు బిగించుకుని బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. సోషల్ మాస్టారు సొంత బావమరిది పెళ్లి వదిలేసి వచ్చాడు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. సెలవన్నది ఎరగని మనుషుల్లా కనబడ్డారు. పదో తరగతి ఆడపిల్లలు ముగ్గేశారు. మగపిల్లలు ఆవరణ ఊడ్చారు. డ్రిల్లు మాస్టారు మేకల్ని పక్క ఊరి పొలిమేరదాకా తరిమి, రొప్పుతూ వచ్చి టైముకి గంట కొట్టాడు. గేటు దగ్గర పేడ కనిపించింది. అందరూ పనిలో ఉన్నారు కదా అని నేనే పంచె ఎగగట్టి ఎత్తాను.

విరూపాక్షంగారు బడంతా తిరిగారు. ప్రతి గదిలోనూ ఒక మాస్టారున్నాడు, ప్రతి మాస్టారి చేతిలోనూ సుద్దముక్క ఉంది. కుళాయి కారడం లేదు. మరుగుదొడ్డిలో అగరొత్తి వెలుగుతోంది. ఆయన నా వైపు తిరిగి "భేష్" అన్నారు. నేను చేతులు కట్టుకుని మెలికలు తిరిగిపోయాను. అంత ఆనందం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆయన రాసుకుంటూ పైకే చదివారు. "అభ్యర్థుల గైర్హాజరీలో పాఠశాల మునుపెన్నడును లేనంత శోభాయమానముగా నున్నది. నష్టము శూన్యము. రెండు పోస్టులును అనవసరము."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఇవాళ మేం తగలబడిపోవాల్సిన రోజని.

ఆ సాయంత్రం పైడమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చింది. తల్లో కనకాంబరాలు. విషయం చెప్పాను. పైడమ్మ నన్ను తిట్టకపోవడం నేనదే మొదటిసారి చూడడం.

"నాను రానని తెల్సి అందరూ తుడిసినారా?" అంది.

"అలవాటమ్మా."

"నానున్నన్నాళ్లూ ఒక్కడు సీపురట్టుకోలేదు. అవార్డిప్పిత్తానని ఉజ్జోగం పీకించేసినారు బాబూ. ఈ వయసులో నన్నెవులు పన్లో ఎట్టుకుంటారు? పొద్దున్నే లెగిసి నానెక్కడికెల్లాల?"

సత్యవేణి నా ముందున్న కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ప్రైవేటు బళ్లలో ఇదివరకే అడిగాను సార్. వయసు దాటిపోయిందన్నారు. ఇది పోతే నాకు బడి లేదు" అంది. ఆవిడ జీతం లేదనలేదు, బడి లేదంది. నాకు సిగ్గేసింది. అవార్డు నాకు అక్కర్లేకపోయినా వేదిక కావలసి వచ్చింది. దానికోసం ఇద్దరాడవాళ్ల బతుకు తీసుకెళ్లి ఒక పెన్ను కింద పెట్టాను.

కాళ్లావేళ్లా పడితే పునఃపరీక్షకి ఒప్పుకున్నారు విరూపాక్షంగారు.

ఈసారి పొరపాటు జరగకూడదని స్టాఫ్ మీటింగు పెట్టాను. మన బడి సర్వనాశనం కావాలి, అందరూ బాధ్యతగా పనిచెయ్యాలి అని చెప్పాను. లెక్కల మాస్టారు మళ్లీ నడుం నొప్పితో మంచం పట్టాలి. సోషల్ మాస్టారు పెళ్లికి వెళ్లాలి. ఎవరి పెళ్లికి అని అడిగాడు. ఎవరిదో ఒకరిదని గద్దించాను. ఏడో తరగతి కాగితాలు చించాలి, ఎనిమిదో తరగతి కుళాయిలు వదిలెయ్యాలి, తొమ్మిదో తరగతి అరవాలి. రెండు రోజులు రిహార్సల్ చేయించాను.

ఏం చెప్పమంటారు. ఏడో తరగతివాళ్లు కాగితాలు చించి, ఒకరి తర్వాత ఒకరు లైనులో వచ్చి విసిరి, నమస్కారం పెట్టి వెళ్లారు. తొమ్మిదో తరగతి ప్రార్థన రాగంలో అరిచింది. ఏడాది పొడుగునా పిలవకుండా వచ్చే మేకలు కూడా ఈసారి రాలేదు. వాటి యజమానిని బతిమాలి, తాళ్లు కట్టి తెప్పించాల్సొచ్చింది.

అయినా పరీక్షనాటికి పర్వాలేదనిపించింది. గంట కొట్టలేదు. నీళ్లు వరండాలో పారాయి. ఒక మేక సైన్సు చార్టులో జీర్ణవ్యవస్థని తినేసింది. విరూపాక్షంగారు నా గదిలో కూర్చుని గబగబా రాస్తుంటే నా మనసు కుదుటపడింది. "నష్టము గణనీయము" అన్న మాట నా కళ్లతో నేను చూశాను.

అంతలో వరండాలో ఆరో తరగతి పిల్ల జారి పడింది. ఇది రిహార్సల్లో లేదు. గడ్డం చీరుకుపోయి నెత్తురు కారుతోంది. పిల్ల నిజంగా ఏడుస్తోంది. అందరం తనిఖీ మధ్యలో ఉన్నాం కాబట్టి కదలాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రోడ్డవతల టీ కొట్టు బల్ల మీద కూర్చుని పొద్దున్నుంచీ చూస్తున్న పైడమ్మ లేచి, చరచరా గేటు తోసుకుని వచ్చేసింది. ఆవిడ వెనకే, అదే బల్ల మీంచి లేచిన సత్యవేణి. పైడమ్మ పిల్లని ఎత్తుకుని గడ్డం కడిగి, కొంగు చింపి కట్టింది. కట్టింది చిలకపచ్చ కొంగే. తర్వాత కుళాయిలు కట్టింది, మేకల్ని తోలింది, డ్రిల్లు మాస్టారిని నోటికొచ్చినట్టు తిట్టింది, గంట కొట్టింది. గంట వినబడగానే పిల్లలు గదుల్లోకి పోయారు. తొమ్మిదో తరగతిలోంచి "ఎవరు రాలేదు టీచర్?" అనీ, "నేనొచ్చాను కదా" అనీ వినిపించింది. ఆఖరికి పైడమ్మ చీపురుతో నా గదిలోకొచ్చి పరిశీలనాధికారి కుర్చీ దగ్గర ఆగింది.

"కాల్లెత్తండి బాబూ."

ఆయన ఎత్తారు. ఆవిడ తుడుచుకుని వెళ్లిపోయింది.

"ఈ స్త్రీలిద్దరు ఎవరు?" అని అడిగారాయన.

ఎవరి గొప్ప తూచడానికి రెండుసార్లు వచ్చాడో ఆ మనుషుల్ని ఆయన ఒక్కసారీ చూడలేదు. చూస్తే పరీక్ష చెడిపోతుందని నిబంధన. పరీక్ష రోజున అభ్యర్థి బళ్లో కనబడితే అనర్హత వేటు అన్నది ఇంకో నిబంధన. నేను రెండోది మాత్రమే గుర్తుపెట్టుకుని తెలివిగా జవాబు చెప్పాను.

"ఊరివాళ్లండి."

ఆయన మొహం వెలిగిపోయింది. రాసింది కొట్టేసి కొత్తగా రాశారు. "ప్రజల భాగస్వామ్యము శ్లాఘనీయము. గ్రామస్థులే వేతనము లేకుండ సమస్త కార్యములను నిర్వర్తించుచున్నందున సదరు పోస్టులు మరింత అనవసరము."

ఇద్దరి ఉద్యోగాలూ రెండోసారి కూడా నేనే తీశాను.

మర్నాడు పై ఆఫీసుకి పరిగెత్తాను. వాళ్లే వీళ్లండీ, వీళ్లే వాళ్లండీ అని ఎంత మొత్తుకున్నా విరూపాక్షంగారు తొణకలేదు. "మీ పాఠశాల నుండి పోస్టు మిగులు చూపెదనని పైకి నివేదించితిని. ఇప్పుడు వట్టి చేతులతో నెట్లు పోగలను? ఒక్కటైన రద్దు కావలెను."

"ఒక్కటి చాలా?"

"పెద్దదైన ఒక్కటి చాలును."

"ఏ పోస్టైనా?"

"ఏదైనను."

నా బుర్ర చురుగ్గా పనిచేసే సందర్భాలు తక్కువ. అదొకటి అనుకున్నాను. నన్ను పరీక్షించమన్నాను. ఇందులో త్యాగం ఏమీ లేదని మీకు తెలియాలి. నేను లేకపోతే బడి కూలుతుందని నాకు గట్టి నమ్మకం. అది కూలితే లోటు పరీక్ష ఎంత కచ్చితమో ఆయనకి అర్థమవుతుంది, రద్దు మాట మర్చిపోతాడు, ముగ్గురికీ అవార్డులొస్తాయి, నేను ఎలాగూ వేదిక మీదే ఉంటాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మిగతావన్నీ యథాతథంగా ఉండాలి కనక ఆ రోజుకి పైడమ్మ, సత్యవేణి పనిలో ఉండాలన్నారు. నా కుర్చీలో ఎవరని అడిగితే, ఎవరు లేకపోతే వాళ్ల బదులు వెళ్లేది సత్యవేణే కదా అన్నాను.

ఆ రోజు ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ లేదేమోనని డాబా ఎక్కాను. ఉంది.

"ఈపాటికి అక్కడ గోల మొదలై ఉంటుంది" అన్నాను మా ఆవిడతో.

"మీరు లేరు కదా, ఎవరు మొదలుపెడతారు?" అంది ఆవిడ కంది పప్పు ఏరుకుంటూ.

పదకొండయింది, పన్నెండయింది. ఒక లోను కంపెనీవాడు తప్ప ఎవరూ ఫోను చెయ్యలేదు. వాడితో కాసేపు మాట్లాడాను. ఇక ఆగలేక బడికి నేనే చేశాను. పైడమ్మ ఎత్తింది.

"ఎవులు?"

"హెడ్మాస్టర్ని."

"హెడ్మేస్టారు సెలవు మీదున్నారు. రేపు సెయ్యండి."

"నేనే పైడమ్మా, దామోదరాన్ని. అక్కడంతా ఎలా ఉంది?"

"బాగుంది బాబూ. లెక్కల మేస్టారు కూడా వొచ్చినారు. నడుం నొప్పి ఎలాగుందని సత్యేణమ్మ నిన్న ఆరి ఇంటికాడికెల్లి అడిగొచ్చినాదట."

"నాకోసం ఎవరైనా అడిగారా?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "లేదు బాబూ. ఫోనెట్టేయండి, గంట కొట్టాల" అంది. పెట్టేలోపే ఫోనులో గంట వినబడింది. సరైన టైముకే కొట్టింది.

విరూపాక్షంగారి నివేదిక నాకు కంఠతా వచ్చు. "ప్రధానోపాధ్యాయుని గైర్హాజరీలో నష్టము శూన్యము. పైపెచ్చు, సంతకము కొరకు ఆయన గది వెలుపల నిరీక్షించు కాలము ఆదా అయినది." నా పోస్టు పోయింది. పెద్ద పోస్టు కాబట్టి పొదుపు కూడా పెద్దగా వచ్చింది, మిగతా రెండు పోస్టుల జోలికి ఎవరూ పోలేదు. ఆ రోజు నష్టం జరక్కుండా చూసింది ఎవరని విచారించి సత్యవేణికీ, పైడమ్మకీ అవార్డులిచ్చారు. సత్యవేణిని ఇన్‌చార్జి హెడ్మాస్టరుని చేశారు కనక గ్రహీతగా ఒకసారి, ప్రధానోపాధ్యాయురాలిగా ఒకసారి వేదిక మీద ఆసీనురాలైంది. పైడమ్మ కొంగు చిరిగిన వైపు లోపలికి దోపుకుని రంగుల ఫొటో దిగింది. నేను ఆఖరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. పక్క కుర్చీవాడికి నా గురించి ఏమీ చెప్పలేదు.

పోస్టు పోయినా మనిషి మిగిలాడు కాబట్టి నన్ను ఎక్కడో ఒకచోట సర్దాలి. మా బళ్లోనే ఒక ఖాళీ ఉంది. సత్యవేణి కుర్చీ ఎక్కింది కదా, తాత్కాలిక టీచరు ఖాళీ. అందులో సర్దారు.

మొదటి రోజు వెళ్లాను. తలుపు మీద బంగారు రంగు పేరు అలాగే ఉంది. సత్యవేణి చెరపనివ్వలేదట. ఆవిడ లేచి నిలబడి, ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "సార్, వచ్చే ఏడు అవార్డుకి మీ పేరు పంపిద్దామనుకుంటున్నాను" అంది. దండం పెట్టి వద్దన్నాను. బయటికొచ్చి వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లూ నేను చెప్పుకున్నదంతా ఉత్తదే అని తేలాక ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు. పైడమ్మ తుడుచుకుంటూ నా దాకా వచ్చి ఆగింది. కాళ్లెత్తమంటుందనుకున్నాను.

"ఏటలాగున్నారు బాబూ?"

"నేను లేకపోయినా బడి నడిచింది కదా పైడమ్మా."

"నడిసింది. నడిస్తే?" అంది. "మా ఆయన పోయిన మర్నాడు కూడా మా పొయ్యి ఎలిగింది బాబూ. నానే ఎలిగించినాను. అందుకని ఆయన అక్కర్లేదని ఎవులన్నారు? ఆ పెన్నులాయనకి తెలీక రాసుకున్నాడు, మీకేటి తెలీదా?"

నా కళ్లు మండాయి. దుమ్ము రేపకుండా తుడవమని కోప్పడ్డాను. ఆవిడ నన్ను మామూలుగా తిట్టింది. ప్రాణం లేచొచ్చింది.

"ఎల్లండి ఎల్లండి. సోషల్ మేస్టారు పెళ్లికెల్లినారు. తొమ్మిదోక్లాసు గోల సేస్తంది."

వెళ్లాను. గుమ్మంలో నన్ను చూడగానే క్లాసంతా ఒక్కసారి సద్దుమణిగి, ఆనక ఒకే గొంతుతో అడిగింది.

"ఎవరు రాలేదు సార్?"

"నేనొచ్చాను కదా, పుస్తకాలు తియ్యండి" అన్నాను.